డప్పుల్లో మునిగిన కేక

మా తమ్ముడు మొన్న మంగళవారం తెల్లవారుజామున జ్వరంతో పోయాడు. మహబూబ్‌నగర్ ఊరి ఫుట్‌బాల్ జట్టుకు గోల్ కాచినవాడు. పరామర్శకు వచ్చినవాళ్లు రెండు మంచి మాటలు చెప్పి, మూడో మాటకు నల్లగొండ వాళ్ల చేతిలో ఓడిన ఆటను ఎత్తుతున్నారు. చావు ఇంట్లో కూర్చుని ఆ మాట అనడానికి నోరెట్లా వస్తుందో నాకు తెలియదు. అందుకే ఇది రాస్తున్నాను.

తమ్ముడు ఇంట్లో మెల్లగా మాట్లాడేవాడు. గోల్ ముందు నిలబడితే గొంతు మారేది. ఎగిరి వచ్చే బంతి తనదైతే "నాది" అని, ముందున్న ఆటగాడిదైతే "నీది" అని కేక వేసేవాడు. వాళ్లు వెనక్కి చూడకుండా ఆ కేకనే నమ్ముకునేవారు. పొద్దున పెరట్లో వేపపుల్ల నములుతూ నా మనవలకు బంతి విసిరి అదే నేర్పేవాడు. "ముందుగాల చెప్పు, తర్వాత ఉరుకు" అనేవాడు.

నల్లగొండ వాళ్లతో ఆటకు ఊరికి అది చాలలేదు. పీరీల పండుగలో డప్పు మోగిన కొద్దీ పీరు ఎత్తుకున్నవాడికి ఊపు వస్తుంది; ఆటగాడికీ అంతేనని బట్టల దుకాణం షావుకారు తేల్చేశాడు. పండుగ డప్పులన్నీ మైదానానికి తెచ్చి, బలం రావాలని మన గోల్ వెనకే నిలబెట్టిస్తానన్నాడు. తమ్ముడు ముందురోజే వెళ్లి వద్దని బతిమాలాడు. భయమైతుందా అని నవ్వి పంపారట.

"చప్పుడు మంచిదే అక్కా. ముందటోళ్లకు కాళ్లల్ల పానమొస్తది. నాకు చెవులు గావాలె, నా ముందటోనికి నా మాట గావాలె" అన్నాడు నాతో.

ఆ ఆటను నేను మైదానం అంచున ఆపిన గూడు బండిలోంచి చూశాను. అబద్ధం చెప్పను, డప్పులకు మన కుర్రాళ్లు నిజంగానే రెట్టింపు ఉరికారు. ఒక గోల్ కొట్టారు కూడా. నల్లగొండ వాళ్లు దాన్ని సమం చేశారు. చివర్లో ఎత్తుగా ఒక బంతి మన గోల్ మీదికి వచ్చింది. ముందున్నవాడు అది తనదే అనుకుని ఎగిరాడు. తమ్ముడూ ఎగిరాడు. ఇద్దరూ ఢీకొని పడితే బంతి వాళ్ల పక్కనుంచి దొర్లుకుంటూ లోపలికి పోయింది. డప్పులు అప్పుడు ఆగాయి.

కీపరు కేక వెయ్యలేదన్నారు. మూగోడని పేరు పెట్టారు. వేశాడని నేను చెబితే, ఆడమనిషి, పైగా అక్క, ఆమె సాక్ష్యమేమిటన్నారు. తమ్ముడు మళ్లీ గోల్‌లో నిలబడలేదు.

నిన్న షావుకారు వచ్చాడు. మీ తమ్ముడు మంచివాడే గాని ఆ రోజు ఒక్క కేక వేసి ఉంటే, అని మొదలుపెట్టాడు. ఇంటినిండా జనం.

"షావుకారీ, ఆ దినం నీ పక్కన నిలవడ్డోడు మాట్లాడితే నీకు ఇనవడ్డదా?" అని అడిగాను.

"ఏడ ఇనవడ్తదమ్మా, గన్ని డప్పులాయె, చెవులు..."

అక్కడే ఆగాడు. ఎవరూ అతని వైపు చూడలేదు. కండువా సర్దుకుని వెళ్లిపోయాడు.

నా కళ్లముందు మాత్రం ఆ మైదానం ఎర్రటి దుమ్మే ఉంది. అందులో రెండు చేతులూ పైకెత్తి, మెడ నరాలు ఉబ్బి, నోరు పూర్తిగా తెరిచిన నా తమ్ముడు.