దొరసాని కెమెరా, నా ఆదివారాలు

2023 నవంబరు ఐదు, ఆదివారం, ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు ఇది మొదలైంది. చేతిసంచి పట్టుకుని నా స్నేహితురాలి ఇంటి గేటు ముందు నిలబడ్డాను. ప్రతి ఆదివారం ఆరింటికి ఇద్దరం కలిసి కరీంనగర్ రైతుబజారుకు వెళ్లి, కూరగాయలు కొని, వస్తూ దారిలో చాయ్ తాగడం మా పద్ధతి. ఆమెకు పది నిమిషాలు ఆలస్యమైందంటే జ్వరమైనా వచ్చి ఉండాలి, చుట్టాలైనా వచ్చి ఉండాలి. ఆ రోజు రెండూ కాదు. నవ్వుతూ మెట్లు దిగింది. వెనకాల ఒక తెల్లావిడ, మెడలో కెమెరా.

ఆ తెల్లావిడ వాళ్ల మేడ మీద వాటాలో కొత్తగా అద్దెకు దిగింది. భర్త ఊరి బయట ఒక ఫ్యాక్టరీలో మిషన్లు బిగించడానికి యూరప్ నుంచి వచ్చిన ఇంజనీరు. ఆయన వారమంతా పనికి పోతాడు, ఆదివారం పడి నిద్రపోతాడు. ఈమెకు ఫోటోల పిచ్చి. పట్నమంతా తిరగాలి, భాష రాదు, తోడు కావాలి.

"అక్కా, గీమెకు కూరగాయల అంగడి ఫోటోలు తియ్యాల్నట. మనతోని తోల్కపోదాం. ఏమైతది?"

"ఏమైతది," అన్నాను నేను కూడా.

అంగడిలో ఆమె బెండకాయల కుప్ప ముందు కూర్చుంది. కెమెరా మీద ఎండ పడుతోందని నా స్నేహితురాలు తన గొడుగు తెరిచి నా చేతికిచ్చింది. "జరసేపు పట్టు అక్కా." జరసేపు అంటే నలభై నిమిషాలు. బెండకాయలమ్మే మనిషి నన్ను ఎగాదిగా చూసి, "దొరసానమ్మ మీకు నెలకెంతిస్తదమ్మా?" అని అడిగింది. నా స్నేహితురాలు పగలబడి నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆ రోజు చాయ్ కూడా ముగ్గురం తాగాం.

మేమిద్దరం ఆదిలాబాద్ వైపు బోథ్‌లో ఒకే బడిలో పనిచేశాం. నేను లెక్కలు చెప్పేదాన్ని, ఆమె తెలుగు చెప్పేది. 1984 జూన్ నుంచి 1990 ఏప్రిల్ వరకు ఒకే గదిలో, ఒకే కిరసనాయిలు స్టవ్ మీద వండుకుని తిన్నాం. తరువాత బదిలీలు వేరయ్యాయి, పెళ్లిళ్లు అయ్యాయి, పిల్లలు పుట్టారు. రిటైరయ్యాక ముందే ఇద్దరం మాట్లాడుకుని కరీంనగర్‌లో పక్క పక్క వీధుల్లో ఇళ్లు కట్టుకున్నాం. నాకంటే రెండేళ్లు చిన్నది. మామూలుగా 'అక్కా' అంటుంది, కోపం వస్తే 'లెక్కలక్కా' అంటుంది.

రెండో ఆదివారం మానేరు డ్యాం దగ్గరికి వెళ్లాం. మూడో ఆదివారం ఎలగందల్ కోట. నా మోకాళ్లు కోట ఎక్కవు. కింద మెట్ల మీద కూర్చున్నాను. వాళ్లిద్దరూ పైకి పోయి రెండు గంటల తరువాత దిగారు, చిన్నపిల్లల్లా చెమటలు కక్కుతూ, ఏదో మాటకు ఇంకా నవ్వుతూ. ఏం మాటని అడిగితే, "నీకు చెప్తే అర్థం గాదు అక్కా, ఆడ ఉండాలె," అంది. ముప్ఫై తొమ్మిదేళ్లలో ఆమె నవ్వు నాకు అర్థం కాకపోవడం అదే మొదటిసారి.

నాలుగో ఆదివారం నేను రానని కబురు పెట్టాను. నేను రాకపోతే తనూ మానేస్తుందని నా లెక్క. ఆరున్నరకు వాళ్ల ఆటో మా వీధి మీదుగానే పోయింది. దొరసాని నాకు చేయి ఊపింది.

ఆ తరువాత ఏ ఆదివారం ఎక్కడికి పోయారో నాకు ఊరివాళ్లే చెప్పేవారు. తీగల వంతెన మీద ఫోటోలు తీశారట. జనం కెమెరాకు అడ్డం వస్తే దొరసాని "జర జరుగుండ్రి" అంటోందట, అందరూ మురిసిపోతున్నారట. ఆ మాట నేర్పింది ఎవరో నాకు తెలుసు. నలభై మంది పిల్లలను అదే మాటతో వరుసలో నిలబెట్టేది.

డిసెంబరులో పత్తి ఫోటోల కోసం బోథ్ పోయారు. పత్తి కుప్పలు చూపిస్తే చూపించనీ. మా గది కూడా చూపించింది. ఇంటావిడ ముసలిదై ఇంకా ఉందట, వాళ్లకు జొన్నరొట్టెలు చేసి పెట్టిందట. "రెండో బాయి ఏది, రాలే?" అని అడిగిందట. అక్కడ ఆడమనిషిని బాయి అంటారు, నేనే ఆ రెండో బాయిని. ఇదంతా నా స్నేహితురాలు సంతోషంగా చెప్పింది.

"ఏం చెప్పినవ్ మరి?"

"మోకాళ్ల నొప్పులని చెప్పిన."

బోథ్‌కు బస్సులో పోతారు, మోకాళ్లతో కాదు.

జనవరిలో మా వైపు ఊళ్లన్నిటా ఒక మాట పాకింది. ఒక్కడే కొడుకున్న తల్లులకు ఈ ఏడు కీడు. ఇద్దరు కొడుకులున్న తల్లి చేత ఐదు రంగుల గాజులు తొడిగించుకుంటే పోతుంది. ఒక్క కొడుకున్నామె తానే వచ్చి అడగాలి, ఇద్దరున్నామె పిలిచి తొడగకూడదు. నాకు చెప్పింది మా వీధిలో పాలు పోసే ఆమె.

"ఎవలు చెప్పిండ్రు నీకు?"

"అందరు అంటుండ్రమ్మా. అందరు ఉత్తగనే అంటరా?"

నేను ఇలాంటివి నమ్మను. కాని నా స్నేహితురాలికి ఒక్కడే కొడుకు, నాకు ఇద్దరు. అదే రోజు టవర్ సర్కిల్‌కు పోయి రంగుకు రెండు చొప్పున పది మట్టి గాజులు కొన్నాను. సైజు రెండు-ఆరు. దుకాణంలో అడగలేదు, ఆలోచించలేదు. బోథ్‌లో సబ్బునీళ్లతో ఆమెకు ఎన్నిసార్లు గాజులెక్కించానో. ఎడమచేతి ఎముక కొద్దిగా లావు, అక్కడ బొటనవేలు లోపలికి నొక్కి పట్టుకోవాలి.

గాజులు పళ్లెంలో పెట్టి, పసుపు కుంకుమ సర్ది, నాలుగు రోజులు ఎదురుచూశాను. ఆదివారం మధ్యాహ్నం ఆమె వచ్చింది. రెండు చేతుల నిండా గాజులు.

"ఎవలు తొడిగిండ్రు?"

"మా మీదింటామె. ఆమెకు గూడ ఇద్దరు కొడుకులే గద. టవర్ కాడ గాజుల ఫోటోలు తీస్తుంటే దుకాణపామె ఊకుంటదా? 'నువ్వే తొడుగమ్మా' అన్నది. జనం సప్పట్లు గొట్టిండ్రు అక్కా, నువ్వు సూడాలె!"

"నా ఇల్లు దూరమైందా నీకు?"

ఆమె నవ్వు ఆగిపోయింది. "నువ్వు గివన్ని నమ్మవు గద. అడిగితే తిడ్తవనుకున్న."

"ఆమె నమ్ముతదా?"

"ఆమెకేం ఎరుక! నవ్వుకుంట తొడిగింది."

ఆమె చెయ్యి దించగానే గాజులు వేళ్ల దాకా జారాయి. రెండు-ఎనిమిది. "సైజు తెల్వనోళ్లు తొడిగితే గిట్లనే జారుతయి," అన్నాను.

"జారితే జారనియ్యి లెక్కలక్కా," అని లేచి వెళ్లిపోయింది. పళ్లెం పక్క గదిలో ఉంది. ఆమె చూడలేదు. నేను చూపించలేదు.

ఆ తరువాత బజారుకు నేను బుధవారాలు ఒక్కదాన్నే పోతున్నాను.

2024 డిసెంబరు ఆఖర్లో ఫ్యాక్టరీ పని అయిపోయి దొరసాని వాళ్ల దేశం వెళ్లిపోయింది. ఇక అయిపోయిందనుకున్నాను. పోతూ పోతూ ఫోటోలన్నీ ఒక పెట్టెలో పెట్టి, తన పాత కెమెరాతో సహా నా స్నేహితురాలికి ఇచ్చిపోయింది. పెట్టె తీసుకుని ఆమె మా ఇంటికి వచ్చింది. ఏడాది తరువాత రావడం. చాయ్ పెట్టాను. రెండు వందల పన్నెండు ఫోటోలు. నా స్నేహితురాలు ముప్ఫై నాలుగింటిలో ఉంది. నేను ఒక్కదాంట్లో ఉన్నాను. బెండకాయల కుప్ప మీద గొడుగు నీడ, గొడుగు కర్ర పట్టుకున్న నా చేయి, మణికట్టు దాకా.

ఫోటోలు బాగున్నాయి. బాగాలేవని అబద్ధం రాయను.

"రేపు ఆదివారం ఎలగందల్ పోదాం దా అక్కా. నాకు గూడ తియ్యొస్తది ఇప్పుడు."

"గొడుగెవలు పట్టాలె?"

"ఇంకెవలు, నువ్వే!" అని నవ్వింది. నేను నవ్వుతానని కాసేపు చూసింది.

"పట్టను," అన్నాను.

"గట్లనా. ఐతే నేనొక్కదాన్నే పోత."

పోయింది. ఆరింటికి బాల్కనీలో నిలబడి చూశాను. మెడలో కెమెరా, చంకలో గొడుగు, ఎవరినీ పిలవకుండా ఆటో ఎక్కింది. ఇప్పుడూ ప్రతి ఆదివారం పోతుంది.

దొరసాని ఉన్నన్నాళ్లలో ఆదివారాలు అరవై ఒకటి. నేను వెంట ఉన్నవి మూడు. నాకు పోయినవి: ఆదివారాలు యాభై ఎనిమిది. బోథ్‌లో మా ఇద్దరి గది ఒకటి. రెండు-ఆరు సైజు మట్టి గాజులు పది, తొడగకుండానే. చాయ్‌కి తోడు వచ్చే మనిషి ఒకరు.