రేపటికేం చేస్తావు?

మా లెక్కల మేడం పోయారు. మొన్న సోమవారం పొద్దున నేను వార్డులో సెలైన్ బాటిల్ మారుస్తుంటే ఫోన్ మోగింది. చేసింది మేడం భర్త. ఆర్టీసీలో డ్రైవర్‌గా చేసి రిటైరయ్యారు. మేం ఆయన్ని కూడా సార్ అనే పిలిచేవాళ్ళం.

"అమ్మా, మీ మేడం పోయిందమ్మా. పక్కకు తిప్పుదామని చెయ్యేసిన. అప్పటికే పోయింది."

"అవ్ సార్," అన్నాను. బాటిల్ మార్చాను, చుక్కల వేగం సరిచేశాను, మిగిలిన ఐదు మంచాలూ చూశాను. అది ధైర్యమనుకోకండి. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి, నేను వెంట నడిచాను. తర్వాత సిస్టర్ల గదిలోకి వెళ్ళి, బెంచీ మీద కూర్చుని, ఇప్పుడు ఎక్కాల్సిన బస్సు ఏదో ఎంతకీ గుర్తురాక అలాగే ఉండిపోయాను. రెండేళ్ళుగా ప్రతి శనివారం ఎక్కిన బస్సే అది.

మాది మణుగూరు దాటాక అడవిలో ఉండే పల్లె. ఇంట్లో కోయ మాట, బడిలో తెలుగు. ఐదో తరగతి నుంచి ఆశ్రమ పాఠశాల హాస్టల్లోనే ఉన్నాను. నేను ఎనిమిదిలో ఉండగా ఆమె మా బడికొచ్చారు. కల్లూరు వైపు రైతుల ఇంటి ఆడపడుచు. మొదటి రోజు అందరు టీచర్లలాగే పెద్దయ్యాక ఏమవుతారని అడిగారు. మేం కూడా అందరు పిల్లల్లాగే కలెక్టర్లం, పోలీసులం అయ్యాం. నేను డాక్టర్నన్నాను. మామూలుగా టీచర్లు దానికి నవ్వుతారు, లేకపోతే చప్పట్లు కొట్టిస్తారు. మేడం ఆ రెండూ చేయలేదు.

"సరే. రేపటికేం చేస్తావు?" అన్నారు.

నాకు అర్థం కాలేదు. డాక్టరు కావడానికీ రేపటికీ ఏం సంబంధం?

"తొమ్మిదో ఎక్కం వచ్చా?"

రాదు. తల దించుకున్నాను.

"అయితే రేపటికి సగం ఎక్కం. ఎల్లుండికి మిగతా సగం. డాక్టరు సంగతి తర్వాత చూద్దాం."

అప్పటి నుంచి మా బడిలో సోమవారాలు మారిపోయాయి. ప్రార్థన అయ్యాక ఒక్కొక్కరం మేడం దగ్గరికెళ్ళి ఆ వారం చేయబోయే పని ఒకటి చెవిలో చెప్పాలి. పెద్దది కాకూడదు, మన చేతిలో ఉన్నదై ఉండాలి. ఫస్టు ర్యాంకు తెచ్చుకుంటానంటే ఒప్పుకునేవారు కాదు. "అది నీ చేతిలో లేదు. నీకంటే బాగా రాసేవాళ్ళు ఉండొచ్చు. నీ చేతిలో ఉన్నది చెప్పు." రోజూ పది లెక్కలు చేస్తానంటే సరే. శనివారం సాయంత్రం అడిగే మాట ఒక్కటే, "అయిందా?" కాలేదంటే కోప్పడేవారు కాదు. "ఎక్కువ పెట్టుకున్నావు. సగం చెయ్" అనేవారు. ఆమెకి కోపం వచ్చేది ఒకే ఒక్కచోట. నేనొకసారి చేయకుండానే అయిందన్నాను. పుస్తకం తెరిచి చూసి, నా ముఖంలోకి చూశారు.

"కాకపోతే తప్పు లేదే. అయిందన్నావు చూడు, అది తప్పు."

మేం ఆమెకి చెప్పినట్టే ఆమె తన పని మాకు చెప్పేవారు, అందరికీ వినపడేలా. వారానికి ఐదు కోయ మాటలు నేర్చుకోవడం ఆమె పెట్టుకున్న పని. తల్లులొచ్చినప్పుడు వాళ్ళతో మాట్లాడాలని. మేమే గురువులం. శనివారం ఆమె అప్పజెప్తుంటే మేం పొట్టలు పట్టుకుని నవ్వేవాళ్ళం. మా అమ్మ నన్ను చూడ్డానికి వచ్చినప్పుడు మేడం ఎంతో శ్రద్ధగా ఏదో పలకరించారు. అమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని ఒకటే నవ్వు. కూర్చోమనబోయి కోడిపెట్టను అదిలించే మాట అన్నారట. మేడం కూడా నవ్వేసి, "ఈ వారం కాలేదు" అన్నారు.

పదో తరగతిలో సంక్రాంతి సెలవులకి ఇంటికెళ్ళాను. మిరప ఏరే రోజులు. ఆ రోజుల్లో మా పల్లెల్లో సగం ఇళ్ళకి తడికెలు కట్టేసి ఉంటాయి. పెద్దా చిన్నా అందరూ ట్రాలీ ఆటోలెక్కి కింది ఊళ్ళకి పోతారు. ఆ ఏడు అమ్మ నన్ను కూడా రమ్మంది. మా పక్కింటి పిల్ల, నా దోస్తు, నాతోపాటే పది చదివేది. దాన్నీ వాళ్ళమ్మ తీసుకెళ్ళింది. నెల రోజులే కదా, పరీక్షల నాటికి వచ్చేస్తాం అన్నారు. అట్లా వెళ్ళిన పిల్లలు ఎంతమంది తిరిగి బడికొచ్చారో మాకు తెలియనిది కాదు.

చేను కల్లూరు దగ్గర. పొద్దంతా కాయ కోసేసరికి వేళ్ళు మంటలు, ఆ చేత్తో పొరపాటున కన్ను తుడుచుకుంటే ఇక అంతే. సెలవులయ్యి బడి తెరిచిన నాలుగో రోజు మధ్యాహ్నం, సాళ్ళ మధ్య నుంచి బడికి కట్టుకొచ్చే చీరలోనే ఒకామె నడిచి వస్తోంది. మేడం. ఆమెను చూసి గట్టు మీద ఉన్న రైతు సంతోషంగా ఎదురెళ్ళాడు.

"అక్కా! నువ్వేంటి ఇట్టా వచ్చావు? ఇంటికి పోకుండా చేలోకొచ్చావేంటి?"

ఆ చేను మేడం సొంత తమ్ముడిదని మాకప్పుడే తెలిసింది. మేం ఆ చేలోనే ఉన్నామని ఆమెకెలా తెలిసిందో నేనెప్పుడూ అడగలేదు.

"నా పిల్లలు ఇద్దరున్నారు నీ చేలో," అన్నారు.

ఆయన మావైపు చూశాడు, సిగ్గుపడ్డాడు. "నేను పిలవలేదక్కా. వాళ్ళ అమ్మలే తీసుకొచ్చారు. మనుషులు దొరక్క కాయ రాలిపోతా ఉంది. నన్నేం చేయమంటావు చెప్పు?"

మేడం వచ్చి మా అమ్మ పక్కన, సాల్లోనే కూర్చున్నారు. తప్పుల తడకగానే కోయలో మాట్లాడారు. ఈసారి అమ్మ నవ్వలేదు. చాలాసేపు విని, నా వైపు తిరిగి, "పో బిడ్డా. మేడంతోని పో," అంది, మేడంకి అర్థం కావాలని తెలుగులో.

నా దోస్తు వాళ్ళమ్మ జ్వరంతో పాకలో పడుకుని ఉంది. వాళ్ళమ్మ వాటా కాయ ఇదే కోస్తోంది, వంటా ఇదే. మేడం దాని దగ్గర ఇంకా ఎక్కువసేపు కూర్చున్నారు. అది కాయ కోయడం ఆపలేదు.

"అమ్మకు తగ్గినంక వస్త మేడం. మీరు పోండ్రి."

బస్సు కల్లూరు దాటింది. మేడం కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఇద్దరి కోసం వచ్చాను," అన్నారు. అంతే. మళ్ళీ ఆదివారం ఒక్కరే వెళ్ళారు. అప్పటికి వాళ్ళు వేరే చేనుకి మారిపోయారు, ఏ ఊరో ఎవరికీ తెలియలేదు. నా దోస్తు పరీక్షలకి రాలేదు. దానికిప్పుడు ఇద్దరు పిల్లలు, బాగానే ఉంది. కానీ నా పది పాసు కబురు చెప్పినప్పుడు మేడం నా తల నిమురుతూ వేరే ఎక్కడో చూస్తున్నారు. ఆ చూపు నాకు అప్పుడు కష్టమనిపించింది. నా సంతోషం ఆమెకి చాలలేదేమిటని.

నేను డాక్టర్ని కాలేదు. నర్సింగ్ సీటొచ్చింది. మణుగూరులో ఉద్యోగం వచ్చాక స్వీట్ డబ్బా పట్టుకుని భద్రాచలంలో మేడం ఇంటికి వెళ్ళి, డాక్టరు ఎందుకు కాలేకపోయానో మొదలుపెట్టబోయాను. మేడం చెయ్యెత్తి ఆపేశారు. "సంజాయిషీలు నాకెందుకే? రేపు నీ డ్యూటీ ఎన్నింటికి, అది చెప్పు."

రెండేళ్ళ కిందట ఆమె చేతిలోంచి సుద్దముక్క జారడం మొదలైంది. మొదట వయసనుకున్నారు. తర్వాత చెంచా జారింది, కాలు తడబడింది. హైదరాబాద్ తీసుకెళ్ళారు. కండరాలు ఒక్కొక్కటే పని మానేసే నరాల జబ్బని తేలింది. ఆ కాగితాలు చదివినప్పుడు నేను వాళ్ళింటి వరండాలో నిలబడి ఉన్నాను. నర్సింగ్ పుస్తకంలో దాని గురించి ఒకే ఒక్క పేజీ ఉంటుంది. ఆ పేజీలో మందు అనే మాట పెద్దగా ఉండదు.

"నర్సమ్మవి కదా, నిజం చెప్పు. తగ్గుతుందా?"

"మందులు వాడితే తగ్గుతది మేడం."

ఎనిమిదో తరగతిలో చూసినట్టే నా ముఖంలోకి చూశారు. నేను తల దించుకున్నాను. "సరే," అన్నారు. "అయితే ఈ వారం నా జడ నేనే వేసుకుంటా. శనివారం వచ్చి అడుగు."

అట్లా నేను శనివారాలు సెలవు పెట్టించుకున్నాను. వెళ్ళి ఆమె మంచం పక్కన కూర్చుని అడిగేదాన్ని. "అయిందా మేడం?"

"కాలేదే. ఎక్కువ పెట్టుకున్నా. సగం చేస్తా. దువ్వుకోవడం వరకు."

తర్వాత దువ్వెన పట్టుకోవడం వరకు. తర్వాత గ్లాసు. తర్వాత సార్ చెయ్యి పట్టుకుని గుమ్మందాకా నడక, ఆ తర్వాత మంచం మీద ఆసరా లేకుండా కూర్చోవడం. కొన్ని వారాలు నిజంగానే అయ్యేవి. ఆ రోజు ఆమె ముఖం చూడాలి! నేను బస్సులో తిరిగొస్తూ నవ్వుకునేదాన్ని. మళ్ళీ శనివారానికి అది కూడా పోయేది. నేను చేసిందల్లా కాళ్ళు చేతులు మడిచి చాచడం, వీపు మీద పుండ్లు పడకుండా చూడ్డం, సార్‌కి ముక్కు గొట్టంలో పాలు పోయడం నేర్పడం. ఇన్నేళ్ళ చదువు, ఉద్యోగం, తెల్లబట్టలు. ఆమె ఒక్క వేలిని కూడా నేను వెనక్కి తేలేకపోయాను.

మాట ముద్దముద్దగా అవుతున్న రోజుల్లో ఒకసారి ఏడ్చేశారు. "సగం, సగంలో సగం... ఎంత సగం చేసినా సున్నా రాదని పిల్లలకి చెప్పానే. ఒంటికి లెక్కలు రావా?" నేను ఆమె ముఖం తుడిచాను.

మాట పూర్తిగా పోయాక కళ్ళే మిగిలాయి. ఒకసారి రెప్ప వేస్తే అవును, రెండుసార్లు వేస్తే కాదు. సార్ అక్షరాలన్నీ రాసిన అట్ట పట్టుకుని వేలితో చూపిస్తూ పోతే, కావాల్సిన అక్షరం దగ్గర రెప్ప వేసేవారు. ఒక్క మాటకి పావుగంట పట్టేది. ఒక శనివారం నేనలవాటుగా ఈ వారం ఏం పనని అడిగితే, సార్ వేలు చాలాసేపు తిరిగి తిరిగి, చివరికి కూడిన మాట "చారు".

నాకు అర్థం కాలేదు. సార్‌కి అర్థమైంది. ఆయన ముఖం అటు తిప్పుకున్నారు.

ముప్పై ఏళ్ళు బస్సు నడిపిన మనిషికి పొయ్యి వెలిగించడం రాదు. ఇన్నాళ్ళూ మెస్ నుంచి క్యారియర్ వచ్చేది. ఇక ఆమె పనులన్నీ ఆయన పనులైపోయాయి. ఒక వారం చారు, ఒక వారం పప్పు, ఒక వారం ఫోన్లో గ్యాస్ బుక్ చేయడం. "గీ వయసుల నాకెందుకమ్మా ఇవన్నీ? మెస్సున్నది కద," అని నా దగ్గర విసుక్కునేవారు. కానీ చేసేవారు. చేసి, చెంచా కొనతో ఒక్క చుక్క ఆమె నాలుక మీద వేసేవారు. మింగలేరు కదా, రుచి చూడ్డానికే. ఉప్పు సరిపోతే ఒక రెప్ప. ఎక్కువ రోజులు రెండు రెప్పలే.

ఈ వానాకాలం గోదావరి పెరిగింది. మణుగూరు నుంచి భద్రాచలం వెళ్ళే రోడ్డు మీదికి నీళ్ళొచ్చి బస్సులు ఆగిపోయాయి. వాళ్ళ వీధిలోకి నీళ్ళు రాలేదు గానీ నేను రెండు శనివారాలు వెళ్ళలేకపోయాను. ఫోన్ చేస్తే సార్ ఆమె చెవి దగ్గర పెట్టేవారు. అవతల ఊపిరి వినపడేది, గరగరమని. రెప్పలు ఫోన్లో వినపడవు కదా. "అయిందా మేడం?" అని అడిగి, అట్లాగే వింటూ కూర్చునేదాన్ని. నీళ్ళు తీశాక వెళ్ళి చూస్తే ఆమె సగమయ్యారు. ఆ తర్వాత ఎన్నాళ్ళో ఉండలేదు.

దహనానికి మేడం తమ్ముడు వచ్చాడు. మాతోపాటు చదివిన వాళ్ళు ఇరవైమంది దాకా వచ్చాం. ఒకళ్ళమూ కలెక్టర్లం కాలేదు. గోదావరి ఒడ్డు ఇంకా బురదబురదగా ఉంది. జారకుండా ఒకరి చెయ్యి ఒకరం పట్టుకుని దిగాం, పైకెక్కాం. ఆమె మాకేం చేశారో ఒకరికొకరం చెప్పుకోవాలని అందరికీ ఉంది. ఎవ్వరం మొదలుపెట్టలేదు.

నిన్న శనివారం. వెళ్ళాలా వద్దా అనుకుంటూనే బస్సెక్కాను. తలుపు తీసే ఉంది. ముందు గదిలో మంచం తీసేశారు, అది ఉన్నచోట గచ్చు కొంచెం తెల్లగా ఉంది. సార్ వంటింట్లో ఉన్నారు. గిన్నెలో చారు మరుగుతోంది. నేను వచ్చింది చూసి తలూపారు. చెంచాతో కొంచెం చారు తీసుకుని, ఊదుతూ, కింద ఎడమచెయ్యి అడ్డం పెట్టుకుని, ముందు గదిలోకి వచ్చారు. నాలుగడుగులు వేశాక, మంచం ఉన్నచోట ఆగారు.

అక్కడే నిలబడిపోయారు. వెనక పొయ్యి మీద చారు పొంగి మంట మీద పడుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఆయన కదల్లేదు. చెంచా మీద ఆవిరి సన్నగా లేస్తూ, లేస్తూ, ఆగిపోయింది.