బాతుపిల్లల గంపలో కొత్త బల్బు

మా ఇంట్లో గోడకు ఒక అద్దాల పటం ఉంది. చూసినవాళ్ళు ఏంటని అడిగితే, కరెంటు పొదుపు చేసినందుకు ఇచ్చారని చెబుతాను. అంతకు మించి ఇన్నాళ్ళూ చెప్పలేదు. నాకు సంతకం పెట్టడం, బస్సు మీద ఊరిపేరు కూడబలుక్కోవడం తప్ప చదువు రాదు. నేను చెబుతుంటే మా చర్చిలో ఆదివారం బడి నడిపే అమ్మాయి రాస్తోంది. నా మాటలు తీసేసి మంచి మాటలు పెట్టొద్దని ముందే చెప్పాను.

మాది కొల్లేటికోట దగ్గర లంక ఊరు. మా ఆయన చేపల చెరువుల మీద కాపలా ఉండేవారు. సరస్సులో చెరువులు ఉండకూడదని ప్రభుత్వం వారు గట్లు యంత్రాలతో కొట్టేసిన ఏడాది ఆ పని పోయింది. మరుసటి ఏడాది కామెర్లతో ఆయనా పోయారు. నాకు మిగిలింది ప్రభుత్వం వారిచ్చిన స్లాబు ఇల్లు, బాతులు. చెరువు పనికి మేస్త్రీ వెనక లారీ ఎక్కి ఏ ఊరో పోకుండా నన్ను ఇంటిపట్టున ఉంచినవి ఆ బాతులే. అవి ఉంటే ఊళ్ళో ఉంటాను, లేకపోతే లారీ ఎక్కుతాను. నా బతుకు లెక్క అంతే.

బాతు గుడ్లు పెడుతుంది కానీ సరిగా పొదగదు. అందుకని మా వైపు కోడి కింద పెట్టి పొదిగిస్తాం. కోడిపిల్లల కంటే వారం ఎక్కువ పడుతుంది, పాపం ఆ కోడికి ఈ సంగతి తెలియదు. పిల్లలు గుడ్లలోంచి లేచిన రోజునే వాటిని విడదీసేయాలి. లేదంటే పిల్లలు నీళ్ళలోకి దిగుతుంటే కోడి గట్టు మీద గోల పెట్టి చస్తుంది. విడదీసిన పిల్లలకు ఒంటి మీద ఈకలు వచ్చేదాకా వెచ్చదనం కావాలి. తాటాకింట్లో ఉన్నప్పుడు పొయ్యి ఇంట్లోనే ఉండేది, దాని పక్కన గంప పెడితే సరిపోయేది. స్లాబు ఇంట్లో పొగ నిలిచి ఊపిరాడదని పొయ్యి బయటకు పోయింది. అప్పుడు మా ఆయన ఒక ఏర్పాటు చేశారు. గంపలో ఊక పోసి, పైన కర్ర అడ్డంపెట్టి, వంద వాట్ల గుండు బల్బు ఒకటి వేలాడదీసి, గోనెపట్టా కప్పారు. చెయ్యి పెడితే కోడి రెక్క కింద పెట్టినట్టే ఉండేది. ఆయన పోయాక కూడా ఆ బల్బు కిందే నా పిల్లలు పెరిగాయి.

ఆ ఏడాది వానాకాలం మొదట్లో నాలుగు కోళ్ళ కింద నలభై పిల్లల దాకా లేచాయి. అన్ని లేవడం అదే మొదలు. అవి లేచిన నాలుగో రోజున కరెంటు వాళ్ళు ఊళ్ళోకి వచ్చారు.

బడి వరండాలో బల్ల వేశారు. ఒక సారు, ఆయన పక్కన మా లైన్‌మేను, కింద కొత్త బల్బుల పెట్టెలు. ఇళ్ళలో కరెంటు పొదుపు చేయాలని ప్రభుత్వం పథకం పెట్టిందట. పాత గుండు బల్బు ఇస్తే సన్న గొట్టం మెలితిప్పినట్టుండే కొత్తది ఇస్తారు. సారు ఒకటి వెలిగించి చూపించారు.

"చూడండమ్మా, ఎంతసేపు వెలిగినా చేత్తో పట్టుకోవచ్చు. మీ పాత బల్బు తినే కరెంటంతా వేడి కిందే పోతుంది. ఆ వేడి దండగే కదా?"

నా వంతు వచ్చింది. ఇంట్లో వెలిగే బల్బు ఇచ్చాను.

"ఇంకోటి ఉండాలే మామ్మగారూ," అన్నారు సారు, కాగితం చూసుకుంటూ. లైన్‌మేను ముందే ఇల్లిల్లూ తిరిగి రాసుకున్నాడన్నమాట.

"అది పిల్లల గంపలోదండీ. వెలుగు కోసం కాదండి. మీరు దండగన్నారే, ఆ వేడే నాక్కావాలండీ."

వరండా అంతా నవ్వింది. మా వీధి చివర ఉండే వదిన, నోటికి అడ్డూ ఆపూ ఉండదు, "మా వదిన బాతులకి హీటరు పెట్టించింది సార్, వచ్చే ఏడు ఏసీ అడుగుద్ది, రాసుకోండి," అంది.

"నీ మొగుడికి పెట్టించు ఏసీ, రోజంతా అరుగు మీద పడుకునే ఉంటాడుగా," అన్నాను. మళ్ళీ నవ్వారు.

సారు మాత్రం నవ్వలేదు. "ఊళ్ళో ఒక్క పాత బల్బు కూడా లేకుండా చేశామని నేను రాసివ్వాలమ్మా. మీ ఒక్క ఇంటి కోసం ఊరు ఆగిపోవాలా? అవునూ, ఈ మీటరు ఎవరి పేరున ఉంది?"

మీటరు ఇంకా మా ఆయన పేరునే ఉంది. పేరు మార్చమని ఏలూరు ఆఫీసులో కాగితం ఇచ్చి చాలాకాలమైంది. ఎప్పుడు వెళ్ళినా మరణ పత్రం జిరాక్సు ఇంకొకటి తెమ్మనేవారు. ఇప్పుడు పాత బల్బు గురించి గొడవపడితే, చనిపోయినవాడి పేరు మీద కరెంటు ఎలా వాడుతున్నావని తీగ కోసేస్తే ఏం చేయాలి?

లైన్‌మేను మెల్లగా, "ఇచ్చేయ్ అక్కా. సాయంత్రం నేనే ఒకటి తెచ్చిస్తాగా," అన్నాడు. వాడు చెడ్డవాడు కాదు. ఆ మాట నమ్మాను. ఇంటికి వెళ్ళి గంప మీద పట్టా తీసి, బల్బు చల్లారేదాకా ఆగి, కొంగులో పట్టుకుని తెచ్చి బల్ల మీద పెట్టాను. నా చేతులతో నేనే తెచ్చి ఇచ్చాను. దాన్ని ఎవరి మీదకూ నెట్టను.

తీసుకున్న బల్బులన్నీ గోనెసంచిలో వేసి అక్కడికక్కడే కర్రతో కొట్టారు. తిరిగి ఎవరూ వాడకూడదట. బడి పిల్లలు చప్పుడు విని కేరింతలు కొట్టారు. లైన్‌మేను నా వైపు చూసి తల దించుకున్నాడు. సాయంత్రం రాలేదు. ఏం తెచ్చిస్తాడు, పెంకులా?

కొత్త బల్బు గంపలో పెట్టాను. తెల్లగా, పెళ్ళింట్లో వెలిగినట్టు వెలిగింది. పిల్లలు వెలుగు చూసి దాని కిందకు చేరాయి. వాటికి అలవాటు మరి. అక్కడ వెచ్చదనం ఉంటుందనుకుని ఒకదాన్నొకటి తోసుకున్నాయి. ఆ రోజూ మర్నాడూ ఎండ కాసింది కాబట్టి నెట్టుకొచ్చాను. మూడో రోజు వాయుగుండం పట్టింది.

సీసాల్లో వేడినీళ్ళు పోసి గుడ్డ చుట్టి గంపలో పెట్టాను, గంటకే చల్లారిపోయాయి. కుంపటి పెడితే పొగకు పిల్లలు మెడలు వాల్చాయి. కోళ్ళ దగ్గరకే తీసుకెళ్ళి వదిలాను. అయిదారు రోజుల ఎడం కదా, కోళ్ళు వాటిని గుర్తుపట్టలేదు, ముక్కుతో పొడిచి తరిమాయి. ఊళ్ళో కొట్టతను పాత బల్బు లేదన్నాడు. అతని కొట్లోవి కూడా ఆ సంచిలోకే పోయాయట.

తెల్లారి పక్కింటి పిన్నిని గంప దగ్గర కూర్చోబెట్టి, పడవ మీద, తర్వాత ఆటోలో గుండుగొలను వెళ్ళాను. అక్కడ కొట్టతను, "వంద వాట్లవి అయిపోయాయమ్మా. కొత్తవి తీసుకో, అవే మంచివి," అన్నాడు. ఆ ముక్క వింటే ఒళ్ళు మండింది. వానలో తడుస్తూ బస్సెక్కి తాడేపల్లిగూడెం పోయాను. స్టేషను వీధిలో మూడో కొట్లో దొరికింది. వెలిగించి చూపించమన్నాను. చెయ్యి దగ్గర పెడితే కాలింది. ఆ వేడి తగిలాక నాకు ఏడుపొచ్చింది. కొట్టతను షాకు కొట్టిందేమో అనుకుని స్విచ్చి కట్టేశాడు.

బల్బు ఒళ్ళో పెట్టుకుని, కుదుపు వచ్చినప్పుడల్లా రెండు చేతులూ అడ్డం పెట్టుకుంటూ వచ్చాను. మధ్యాహ్నం దాటాక ఇల్లు చేరాను. పిన్ని గుమ్మంలో నిలబడి ఉంది, నా ముఖం చూడలేదు.

చలి పుడితే బాతుపిల్లలు గుట్టగా చేరతాయి. ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. అడుగున ఉన్నవాటికి ఊపిరాడదు. కొత్త బల్బు కింద, సరిగ్గా దాని కింద, గుట్టగా పడి ఉన్నాయి. పైన ఉన్నవి మూడు కదిలాయి. వాటికి గూడెం నుంచి తెచ్చిన బల్బు పెట్టాను. రెండు బతికాయి. కొత్త బల్బు మాత్రం బ్రహ్మాండంగా వెలిగింది, చచ్చినవన్నీ ఎంత పసుపుగా ఉన్నాయో స్పష్టంగా కనిపించింది.

ఉన్న ముసలి బాతులతో, ఆ రెండు పిల్లలతో ఇల్లు గడవదు, అన్నీ అమ్మేసి ఆ దసరా వెళ్ళాక నేను లారీ ఎక్కాను. ఉంగుటూరు అవతల చెరువుల మీద రొయ్య ఏరే పని. ఆదివారం ఒక్క పూట ఇంటికి వచ్చేదాన్ని. ఇంట్లో మనిషి లేదు, గంప లేదు, మీటరు ఎందుకు తిరుగుతుంది?

సంక్రాంతి వెళ్ళిన తర్వాత లైన్‌మేను వచ్చాడు. ఏలూరులో సభ ఉందట. పథకం వచ్చాక మా ఊళ్ళన్నిటిలో వాడకం బాగా తగ్గిన ఇల్లు మాదేనట. రమ్మన్నాడు. "వస్తే ఆ సారుకి నీ పేరు మార్పు కాగితం కూడా చూపించొచ్చు అక్కా," అన్నాడు. అందుకే వెళ్ళాను. సిగ్గు లేకుండా ఉతికిన చీర కట్టుకుని వెళ్ళాను.

వేదిక ఎక్కించారు. అదే సారు నా భుజం పట్టుకుని మైకు నోటి దగ్గర పెట్టారు.

"చెప్పండి మామ్మగారూ. ఇంత పొదుపు ఎలా చేశారు?"

నా చేతిలో ప్లాస్టిక్ కవరు, కవర్లో పేరు మార్పు కాగితం, ఇంకో మరణ పత్రం జిరాక్సు. గొంతు దాకా వచ్చింది. బాతుపిల్లలు చచ్చాయండీ, నేను ఊరు వదిలి పోయానండీ, అలా చేశానండీ పొదుపు, అని. ఎదురుగా కుర్చీల్లో కూర్చున్నవాళ్ళు నా వైపే చూస్తున్నారు. సారు చూపు నా కవరు మీద ఉంది.

"కొత్త బల్బు చాలా బాగుందండీ," అన్నాను.

చప్పట్లు కొట్టారు. నా బతుకులో నాకు కొట్టిన చప్పట్లు అవే. ఆ కాగితం సారు తీసుకుని, చూస్తానమ్మా అన్నారు. ఇప్పటికీ చూస్తూనే ఉన్నారు.

ఆ రోజు మైకులో చెప్పాల్సినది ఇదంతా. చెప్పలేదు కాబట్టి ఇప్పుడు రాయిస్తున్నాను.

రాసే అమ్మాయి ఇందాక లేచి వెళ్ళి పటం మీద అక్షరాలు చదివింది. చదివి, "ఇదేంటి మామ్మా, ఇందులో మీ పేరు లేదే," అంది. లేదమ్మా. మీటరు ఎవరి పేరున ఉంటే పటం వాళ్ళ పేరున ఇచ్చారు. పొదుపు చేసింది మా ఆయనేనట. పోయి మూడేళ్ళయింది అప్పటికి.