విన్నాడనే చెప్పాను

కైకలూరు చుట్టూ ఎటు చూసినా చేపల చెరువులే. అలాంటి చోటి నుంచి చేపల పెంపకం చదవడానికి టాంజానియా వెళ్తానంటే నవ్వనివాళ్ళు లేరు. తాతకు దగ్గులు నేర్పడం కాకపోతే వాళ్ళు మనకి నేర్పేదేమిటన్నారు మా నాన్న. ఆయన ఏలూరులో పరుపులు కుడతారు. చేపని పళ్ళెంలో తప్ప ఎరగరు. అయినా స్కాలర్‌షిప్ వచ్చింది. పెద్ద సరస్సులో వలల పంజరాలు తేలగట్టి చేపల్ని పెంచే పద్ధతి మీద ఏడాదిన్నర చదువు. వెళ్ళాను.

కాలేజీలో పాఠాలు ఇంగ్లీషులో చెప్పేవారు. గేటు దాటితే అంతా స్వాహిలి. చిన్నప్పుడు మసీదులో చెవిన పడ్డ కితాబు, దునియా, దవా లాంటి మాటలు అక్కడా వినబడేసరికి ఈ భాషెంత, నెల రోజుల పని అనుకున్నాను. వారం తిరగకుండానే ఆ పొగరు దిగింది. అక్కడ గంటలు పొద్దు పొడిచిన దగ్గర్నుంచి లెక్కపెడతారు. మనకి ఉదయం ఏడైతే వాళ్ళకి ఒంటిగంట. ఒక మాస్టారు నాలుగింటికి రమ్మంటే నేను సాయంత్రం నాలుగింటికి వెళ్ళి ఖాళీ గదిలో కూర్చున్నాను. ఆయన పొద్దున్న పదింటికే వచ్చి, నాకోసం చూసి వెళ్ళిపోయారు.

నాకు నిజంగా భాష నేర్పింది నేను అద్దెకున్న ఇంటి ముసలావిడ. పెద్దవాళ్ళు కనబడగానే 'షికమూ' అనాలి. వాళ్ళు 'మరహబా' అంటారు. ఈ తంతు అయితే గానీ మంచినీళ్ళు కూడా అడగకూడదు. ఆ తర్వాత హబరి, అంటే కబుర్లు, మొదలు. పొద్దుటి కబురేమిటి, ఇంటి కబురేమిటి, చదువు కబురేమిటి, నిద్ర కబురేమిటి. అన్నిటికీ జవాబు ఒక్కటే. 'న్జూరి', బాగుంది. ఒకరోజు ఒళ్ళు కాలిపోతుంటే కాలేజీ నుంచి మధ్యలో వచ్చేసి, ఆవిడ అడగ్గానే బాగోలేదు అనేశాను. ఆవిడ మొహం ముడుచుకుని నన్ను గుమ్మం దాకా వెనక్కి పంపింది. మళ్ళీ లోపలికి రమ్మంది. ముందు బాగుంది అనాలట. తర్వాత 'లకిని', అంటే 'కానీ' అనాలట. ఆ తర్వాతే జ్వరమైనా, చావైనా. కబురు మీద పడేముందు ఎదుటి మనిషికి కూర్చోడానికి కాస్త వ్యవధి ఇవ్వొద్దా అంది. నాకు ఒళ్ళు మండింది. గుమ్మంలో నిలబడి వణుకుతూ బాగుంది, కానీ జ్వరం అని చెప్పాకే మందు బిళ్ళ చేతిలో పెట్టింది.

తిరిగొచ్చాక కైకలూరులో రొయ్యల చెరువుల నీళ్ళు పరీక్ష చేసే ల్యాబులో చేరాను. పంజరాల చదువు అటకెక్కింది. మిగిలింది స్వాహిలి ఒక్కటే. మేత కొట్ల దగ్గరా, ఏలూరు బస్సుల్లోనూ, పెళ్ళి భోజనాల్లోనూ దాన్ని గురించి డప్పు కొట్టుకున్నాను. ఎవరైనా అడిగితే చాలు, నాలుగు వాక్యాలు గడగడా అప్పజెప్పేవాణ్ణి. తప్పు పట్టేవాడు చుట్టుపక్కల లేడు కదా.

పోయిన వానాకాలం తాడేపల్లిగూడెం నుంచి ఒకాయన ఫోన్ చేశారు. అక్కడి ఇంజనీరింగ్ క్యాంపస్‌లో హాస్టల్ వార్డెన్. టాంజానియా అబ్బాయి ఒకడు మూడో ఏడు చదువుతున్నాడట. కాలవగట్టు మీద బైకు జారి తలకి దెబ్బ తగిలిందట. రెండు రోజుల నుంచి ఏలూరు ఆస్పత్రిలో తెలివి లేకుండా ఉన్నాడట. ఆ దేశం వాళ్ళు క్యాంపస్‌లో ఇంకెవరూ లేరు. ఢిల్లీలో వాళ్ళ ఎంబసీకి కబురు పంపారు గానీ అక్కణ్ణుంచి ఇంకా ఉలుకూ పలుకూ లేదు. తల్లికి స్వాహిలి తప్ప మరో ముక్క రాదు. "మీరే వచ్చి ఆవిడకి చెప్పాలండీ. మాకు దిక్కు తోచడం లేదు," అన్నారాయన. రానంటే బాగుణ్ణు. ఇన్నాళ్ళు డప్పు కొట్టి ఇప్పుడు రాదంటే ఎవరు నమ్ముతారు?

ఆస్పత్రికి వెళ్ళగానే డాక్టరు గారు నన్ను పక్కకి పిలిచి, మెదడు బాగా వాచిందని, బతుకుతాడని చెప్పలేమని అన్నారు. ఆవిడకి మెల్లగా చెప్పమన్నారు. నా దగ్గరున్న స్వాహిలిలో మేత ఉంది, వల ఉంది, నీళ్ళ లోతు ఉంది. మెదడు వాపు లేదు.

ఫోన్ కలిసింది. షికమూ అన్నాను. మరహబా అంది ఆవిడ. నేనెవరో తెలియకపోయినా మా ఇంటి కబురు, మా అమ్మ కబురు, నా పని కబురు వరసగా అడిగింది. అన్నిటికీ న్జూరి అన్నాను. చివరికి, మా వాడి కబురేమిటి అంది. న్జూరి అన్నాను. ఆవిడ హమ్మయ్య అన్నట్టు ఊపిరి వదలడం వినబడింది. ఆ ఊపిరి గుర్తొస్తే నామీద నాకు ఇప్పటికీ అసహ్యం వేస్తుంది.

లకిని అన్నాను. పడ్డాడని, ఆస్పత్రిలో ఉన్నాడని, లేవడం లేదని చెప్పాను. అంతవరకే చెప్పగలిగాను. ఆవిడ ఏడవలేదు. ఫోను వాడి చెవి దగ్గర పెట్టమంది. నర్సమ్మ ఒప్పుకుని, ఐసీయూలోకి వెళ్ళడానికి నాకు పచ్చ గౌను తొడిగింది. ఆవిడ కొడుకుని ముద్దుపేరుతో పిలిచింది, మళ్ళీ పిలిచింది, చాలాసేపు పిలిచింది. వాడి కనురెప్ప కూడా కదల్లేదు. ఫోను నా చెవికి ఆనించుకోగానే ఒక్కటే అడిగింది.

"విన్నాడా?"

"విన్నాడమ్మా," అన్నాను.

అది భాష రాక పొరపాటున అన్న మాట కాదు. లేదు అనడం నాకు బాగా వచ్చు. నోరు రాలేదు, అంతే. ఒక పూటకి ధైర్యంగా ఉంటుంది, రేపు నిజం చెబుదాం అనుకున్నాను.

మర్నాడు పది గంటలకి డాక్టరు గారు పరీక్షలన్నీ అయిపోయాయన్నారు. ఇక మిగిలింది మిషను ఊపిరేనని, ఇవాళ తల్లికి చెప్పక తప్పదని అన్నారు. బస్సులో కూర్చుకున్న వాక్యాలు నోట్లో నానుతుండగా ఫోన్ చేశాను. ఎత్తగానే వెనక బోలెడన్ని గొంతులు. మా వాడు వింటున్నాడని ఊళ్ళో అందరికీ చెప్పానంది ఆవిడ. ఆవిడ గొంతులో నిన్నటి భయం లేదు. అందరూ వచ్చారు, ఒక్కొక్కరూ మాట్లాడతారు, కాస్త చెవి దగ్గర పెట్టు నాయనా అంది. లకిని అన్నాను. నిజంగానే అన్నాను. ఆ గోలలో ఆవిడ వినిపించుకోలేదో, నేనే గట్టిగా అనలేదో చెప్పలేను.

గౌను తొడుక్కుని, స్పీకరు పెట్టి ఫోను వాడి చెవి దగ్గర పట్టుకున్నాను. ముందు వాడి పాత మాస్టారు. తర్వాత ఎండుచేపలు అమ్ముకునే పిన్ని. తర్వాత చెల్లెలు. ప్రతివాళ్ళూ కబుర్లు అడిగి, జవాబు కోసం ఆగేవారు. ఆ ఆగినంతసేపూ మిషను చప్పుడు. తర్వాత వాళ్ళే మళ్ళీ అందుకునేవారు. పడవకి కొత్త తారు పూశామని మేనమామ చెప్పాడు. వాడు పెంచిన మేక ఈనిందని చెల్లెలు చెప్పింది. అక్కడున్న ఏడాదిన్నరలో సగం మాటలు తలమీంచి పోయేవి. ఇక్కడ ఒక్క ముక్క అర్థం కాకుండా పోలేదు. పోతే బాగుణ్ణని దేవుణ్ణి తలుచుకున్నాను.

మధ్యలో తల్లి ఫోను అందుకుని, అలిసిపోయావా నాయనా, వాడి అమ్మమ్మ, వాడి అన్న, పాస్టరు గారు, ఇక వీళ్ళే అంది. అలవాటుగా పర్వాలేదమ్మా అన్నాను. అమ్మమ్మ దగ్గుతూ మొదలుపెట్టింది.

డాక్టరు గారు తెర పక్కకి జరిపి చూశారు.

"చెప్పారా అండీ?"

ఫోను వాడి చెవి దగ్గర్నుంచి తియ్యకుండానే తల అడ్డంగా ఊపాను.

"ఇంకా ముగ్గురున్నారండీ," అన్నాను.