బిచ్చమెత్తిన బొంత

బొంతకు గంజి పెట్టించిన మనిషిని నా జన్మలో ఒక్కర్తెనే చూశాను. అసలు బొంత అంటే ఏమిటి? కట్టి కట్టి, ఉతికి ఉతికి మెత్తబడిపోయిన పాత చీరలను పొరలుగా పరిచి, పైన ముక్కలు పేర్చి, చేత్తో కుట్టుకునేది. దాని గుణమే మెత్తదనం. అలాంటిదానికి గంజి పెట్టి, ఇస్త్రీ చేయించి, అప్పడంలా ఫెళఫెళలాడించి గోడకు బిగించిన ఆ మహాతల్లిని తలుచుకుంటే ఇన్నేళ్ళ తరవాత కూడా నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. ఆవిడంటే పరాయి మనిషి, పోనీ అనుకోవచ్చు. ఆ బొంతను దండెం మీద నుంచి తీసి ఆవిడ చేతిలో పెట్టినవాడు నా మొగుడు.

తొంభైల చివర్లో మేము కొండాపూర్‌లో ఒక పోర్షన్‌లో కిరాయికి ఉండేవాళ్ళం. ఆయన ఉద్యోగానికి బదిలీ అయి కృష్ణా జిల్లా నుంచి వచ్చాం. మాదాపూర్ వైపు పెద్ద పెద్ద ఆఫీసులు లేపడానికి బండలు పేల్చేవాళ్ళు. మధ్యాహ్నం ఢామ్మని మోగితే గూట్లో గ్లాసులు కదిలేవి, ఆరేసిన బట్టల మీద దుమ్ము పడేది. ఇంటి ఓనరు ఒక ముసలావిడ. గల్లీ అంతా అవ్వ అని పిలిచేది, నేనూ అలాగే పిలిచేదాన్ని. ఆవిడకు మిగిలింది ఒక్క మనవరాలు. తల్లి పోయిన ఆ పిల్లను అవ్వే పెంచి, పెళ్ళి చేసింది.

ఆ మనవరాలికి మొదటి కాన్పులో పుట్టిన బిడ్డ పురుడు కూడా వెళ్ళకముందే పోయింది. డాక్టరు ఏదో జబ్బు పేరు చెప్పిందట. అవ్వ మాత్రం ఆ మాట చెవిన వేసుకోలేదు. "దవాఖాన బయట దుకాణంల కొన్న కొత్త దుప్పట్ల చుట్టిన్రు బిడ్డా. పచ్చిపిల్లకు కొత్తబట్ట పడ్తదా? నేను జర ముందుగాల్ల పోయుంటే చుట్టనిచ్చెటిదాన్ని కాదు" అని నా దగ్గర ఎన్నిసార్లు అనుకుందో. పురుడు దాకా కొత్తబట్ట వేయకూడదని మా వైపూ అంటారు. బిడ్డ బట్ట వల్ల పోలేదని నాకు తెలుసు. ఆ సంగతి ఆవిడతో వాదించి గెలిస్తే నాకేమొస్తుంది?

మనవరాలు రెండోసారి పురిటికని వచ్చి, నెలలు నిండుతుంటే అవ్వ బిచ్చానికి బయలుదేరింది. బిడ్డలు దక్కని ఇంట్లో, నలుగురి దగ్గర అడుక్కొచ్చిన పాతబట్టలో చుడితే బిడ్డ దక్కుతుందని వాళ్ళ నమ్మకం. నిజంగా బిచ్చమే. అడుక్కోవాలి, కొనకూడదు. పైసలు ముట్టకూడదు. ఆ బట్టను అమ్మితే బిడ్డను అమ్మినట్టే. సొంత ఇల్లున్న మనిషి, నాలుగు పోర్షన్లు కిరాయికిచ్చిన మనిషి, నా గడప ముందు నిలబడి కొంగు పట్టి, "నా మనవరాలి కడుపుకు బట్ట ముక్క పెట్టు బిడ్డా" అంది. నేను మా అమ్మ చీరలోంచి చించి వేశాను. అవ్వ దానిని కళ్ళకద్దుకుని పక్క గడపకు వెళ్ళింది.

అలా గల్లీ గల్లీ తిరిగి తెచ్చిన మూటను అవ్వ వరండాలో విప్పాం. మధ్యాహ్నం పనులయ్యాక ఆడవాళ్ళమంతా అక్కడే చేరేవాళ్ళం. సగం మంది ఈ ఊరి వాళ్ళు, సగం మంది నాలాగా ఆంధ్ర నుంచి వచ్చినవాళ్ళు. ఎదురింటి పాలావిడ నా కుట్టు చూసి, "ఏందమ్మా, మీ ఆంధ్ర కుట్టు గింత దూరం దూరం ఉంటదా? ఎలుక దూరుతది" అనేది.

"మీ కుట్టు మరీ దగ్గరండీ, పిల్లకు గాలైనా ఆడద్దా?" అనేదాన్ని నేను.

"ఆడనియ్, ఆడనియ్. ముందుగాల నువ్వు సూదికి దారం ఎక్కియ్యి, చాలు" అని ఆవిడంటే అందరూ నవ్వేవాళ్ళు.

ముక్కలు పేర్చే పని మాత్రం నాకే వదిలారు. మామూలుగా బొంత మీద ముక్కలు ఎక్కడ చిరిగితే అక్కడ వేస్తారు. నేను నేల మీద సుద్దతో గీసుకుని, అష్టాచెమ్మా పటంలా గళ్ళు కట్టి, కాయను చంపడానికి వీల్లేని కట్టె గడి ఉన్నచోట ముదురు రంగు ముక్క, మధ్యలో పండు గడిలో మా అమ్మ చీర ముక్క పెట్టాను. "గిది బొంతనా, ఆడుకునే పటమా?" అని అవ్వ మూతి విరిచింది కానీ, కుట్టు పూర్తయిన రోజున దాని మీద చెయ్యి వేసి చాలాసేపు నిమురుతూ కూర్చుంది. మాకందరికీ గర్వంగా ఉండేది. ఎందుకుండదు? అంత అందమైన బొంత నేనెక్కడా చూడలేదు.

ఎండకు దండెం మీద వేశాం. అదే కొంప ముంచింది.

ఒక కారు ఆగింది. దిగినావిడ మావారి పైఆఫీసరు గారి భార్య. మాదాపూర్‌లో కొత్తగా కట్టిన ఒక ఆఫీసు భవనంలో లోపలి అలంకరణ పని ఆవిడది. బొంతను అటూ ఇటూ తిప్పి చూసి, "వావ్, వెరీ ఎత్నిక్ అండి. మా ఓపెనింగ్‌కి ఇస్తారా? పెద్దవాళ్ళొస్తారు, ఫోటోలు తీస్తారు, మీకూ మంచి పేరు" అంది.

"నేనియ్య. గది నా మనవరాలి బిడ్డ కోసం" అంది అవ్వ. అక్కడితో అయిపోవాలి కదా? ఇవ్వనంటే ఇవ్వనని అర్థం కాదా? ఆవిడ నవ్వుతూ మావారి వంక చూసింది. ఆయన నేల చూపులు చూశారు. ఆ చూపు చూసినప్పుడే నేను జాగ్రత్త పడాల్సింది అని జనం అంటారు, నేననను. ఇంట్లో ఉన్న మొగుణ్ణి దొంగలా కాపలా కాయాలా?

రెండు రోజుల తరవాత అవ్వ మనవరాలిని డాక్టరుకు చూపించడానికి కూకట్‌పల్లి వెళ్ళింది, తోడుగా నేనూ వెళ్ళాను. తిరిగొచ్చేసరికి దండెం ఖాళీగా ఉంది.

"ఒక్కరోజే కదే, రేపు తెచ్చేస్తాగా" అన్నారు మావారు, పేపరు మొహానికి అడ్డం పెట్టుకుని.

"అవ్వ ఇవ్వనంది కదండీ!"

"పైఆఫీసరు నోరు తెరిచి అడిగితే పాతగుడ్డ ఇవ్వనని ఎలా అంటానే? నా పరిస్థితి ఆలోచించవా?"

పాతగుడ్డట! ఆ మాటకు నా ఒళ్ళు కుతకుత ఉడికిపోయింది. ఒక్కరోజు కాస్తా వారం దాటింది. అవ్వ రోజూ గుమ్మం దగ్గరకొచ్చి, "సారూ, నా బొంత ఎప్పుడొస్తది?" అని అడిగేది. "వచ్చేస్తుందవ్వా, ఎల్లుండి" అనేవారు ఈయన. ఆ ఎల్లుండి రాదని ఆయనకూ తెలుసు, అవ్వకూ తెలుసు. సొంత వస్తువు కోసం సొంత ఇంట్లోనే ఆ ముసలిది మళ్ళీ మళ్ళీ చెయ్యి చాచాల్సి వచ్చింది.

రెండో శనివారం, ఆయనకు సెలవు. పొద్దున మనవరాలికి నొప్పులు మొదలయ్యాయి. ఆటో ఎక్కుతూ అవ్వ, "బిడ్డా, నా బొంత" అని మాత్రం అంది. నేను లోపలికెళ్ళి, "స్కూటర్ తియ్యండి" అన్నాను. ఆయన ఏదో అనబోయారు. నా మొహం చూసి తాళాలు తీసుకున్నారు.

ఆ భవనం గాజు తలుపు దగ్గర సెక్యూరిటీ అతను ఆపితే, పక్కకు తప్పుకోమని అరిచాను. హాలు చల్లగా ఉంది. ఎదురుగా గోడ మీద మా బొంత. చుట్టూ ఎర్ర శాటిన్ కొత్తబట్టతో అంచు కుట్టారు. ముడతలు పడకుండా నిలబడాలని గంజి పెట్టి, చెక్కకు లాగి బిగించారు. మా అమ్మ చీర ముక్క మీద లైటు పడుతోంది. అడుక్కుతినేవాడి దగ్గర గీక్కుతినడమంటే ఇంతకన్నా ఏముంటుంది?

ఆవిడ లోపల్నుంచి వచ్చి, "అయ్యో, ముట్టుకోకండి, అది డిస్‌ప్లే" అంది.

"మాది. తీసుకెళ్తాను" అన్నాను.

"మీదెలా అవుతుందండీ? మీ వారికి డబ్బులిచ్చేశాను కదా."

నేను వెనక్కి తిరిగి చూశాను. ఆయన తల వంచుకున్నారు. "వద్దంటే ఆవిడేమనుకుంటారోనని..." అని గొణిగారు. ఆ తరవాత నేనేమన్నానో నాకు సరిగ్గా గుర్తులేదు. సిగ్గూ శరమూ లేదా అన్నానని మాత్రం గుర్తు, అది ఇద్దరినీ కలిపే అన్నాను. చెక్క పట్టుకుని లాగితే మేకులు ఊడొచ్చాయి. ఒక మూల చిరిగింది. చిరిగితే చిరిగిందని చంకలో పెట్టుకుని బయటికొచ్చాను.

దవాఖానకు వెళ్ళేసరికి బిడ్డ పుట్టేసింది. ఆడపిల్ల. నర్సు చేతిలో ఆస్పత్రి తువ్వాలులో ఉంది, కెవ్వుమని ఏడుస్తోంది. అవ్వ నా చేతిలోంచి బొంత అందుకుంది. తడిమింది. వేళ్ళ కింద ఫెళఫెళమంది. శాటిన్ అంచు దగ్గర ఆమె చెయ్యి ఆగిపోయింది.

"అంచు ఊడదీస్త. గంజి గుంజేస్త. గది కాదు నా బాధ" అంది. తలెత్తి నన్ను చూసింది. "పైసలు ఇచ్చిన్రా?"

లేదని ఒక్క మాట చెబితే సరిపోయేది. ఉతికి, ఆరేసి, సాయంత్రానికి ఆ బొంతలోనే బిడ్డను చుట్టేది. నేను అబద్ధాలు ఆడనిదాన్నేమీ కాదు, కానీ ఆ మొహం చూస్తూ చెప్పడానికి నోరు రాలేదు. "ఇచ్చారవ్వా. ఈయన తీసుకున్నారు" అన్నాను.

అవ్వ బొంతను మడిచి బెంచీ మీద పెట్టి, కొంగు రెండు చేతులా పట్టుకుని వార్డులోకి నడిచింది. మంచం మంచం దగ్గర ఆగి, "నా మనవరాలి బిడ్డకు బట్ట ముక్క పెట్టుండ్రి అమ్మా" అని అడిగింది. ఎవరో తలకు చుట్టుకున్న తువ్వాలు కొస చించి వేశారు. ఎవరో పాత లంగా ముక్క చించి వేశారు. అన్నీ చిన్నచిన్న ముక్కలు. అవ్వ మా దగ్గరకు వచ్చింది. నేను నా పమిట చెంగు పట్టుకుని చించబోయాను.

"నువ్వు పెట్టినవ్ బిడ్డా, నీది అయింది" అని, ఆవిడ జరిగి మావారి ఎదురుగా నిలబడింది. కొంగు చాచింది. "నువ్వు పెట్టు కొడుకా."

ఆయన నా వంక చూశారు. ఆ రోజు తొందరలో ఇంట్లో వేసుకునే చొక్కాతోనే వచ్చేశారు. ఉతికి ఉతికి రంగు పోయి, కాలరు పీచులు లేచిన నూలు చొక్కా.

"విప్పండి" అన్నాను.

"ఇక్కడా?"

"ఇక్కడే. అందరూ చూస్తుండగానే."

విప్పారు. చొక్కా అవ్వ కొంగులో వేశారు. అవ్వ అక్కడే కింద కూర్చుని, పిల్లకు గుచ్చుకోకుండా గుండీలన్నీ పళ్ళతో కొరికి తెంపి, ఆయన అరచేతిలో పోసింది. నర్సు దగ్గర్నుంచి బిడ్డను తీసుకుని ఆ చొక్కాలో చుట్టింది. వరండాలో వచ్చేపోయేవాళ్ళంతా చూస్తుంటే ఆయన బనియన్‌తో, గుప్పెట్లో గుండీలతో గోడకు ఆనుకుని నిలబడి ఏడ్చారు. నేను ఏడవలేదు. ఓదార్చనూ లేదు. నాకింకా కోపంగానే ఉంది.