గోల్ ఘర్ నుంచి రంగత్‌కి, మా మోరిస్ మైనర్‌లో

నేను రోజూ మోరిస్ మైనర్‌లో బడికి పాఠాలు చెప్పడానికి వెళ్తానంటే అదేదో సరదా అనుకుంటారు జనం. సరదా లేదు, గిరదా లేదు. మా ఇంట్లో ఉన్న కారు అదొక్కటే. అండమాన్‌కి మనవాళ్ళు వచ్చి స్థిరపడుతున్న రోజుల్లో మా నాన్న ఓ ఆఫీసరుగారి దగ్గర డ్రైవరు. ఆయన బదిలీ మీద మద్రాసు వెళ్ళిపోతూ, మళ్ళీ దీన్ని ఓడెక్కించే గొడవ ఎవడు పడతాడని, మా నాన్నకే తక్కువలో ఇచ్చేశారు. అప్పటికి మా ఇంటికి సరైన కప్పు లేదు. అయినా కారుకి మాత్రం రేకుల షెడ్డు వేశాడు మా నాన్న. మా అమ్మ ఆ మాట అని అని అలిసిపోయింది.

పాత ఇంగ్లీషు కారుని రోజూ నడపడమంటే రోజూ దాని మొహం చూడాలి. పొద్దున్నే ఇంజిన్ ఆయిలు, రేడియేటర్ నీళ్ళు చూడటానికి అయిదు నిమిషాలు. ఆదివారం ఆదివారం ముందు చక్రాల దగ్గర గ్రీజు గన్‌తో గ్రీజు ఎక్కించాలి, బద్ధకిస్తే చక్రం ఒరిగి రోడ్డు మీదే కూలబడుతుంది. వానాకాలంలో డిస్ట్రిబ్యూటర్ మూత తీసి పొడిగుడ్డతో తుడవందే మహాతల్లి లేవదు. ఉప్పుగాలికి తుప్పు పట్టకుండా కిందంతా మంచినీళ్ళతో కడగాలి. ఇవన్నీ నేనే చేస్తాను. ఒక్క పని మాత్రం మా బావగారిది. మా ఆయన అన్నయ్య, పేరు నూకరాజు, హోప్ టౌన్‌లో పడవ ఉంది. సొర చేప కార్జం కాచి తీసిన నూనె పడవ చెక్కలకి రాస్తారు కదా, ఏడాదికి రెండుసార్లు దాన్నే తెచ్చి కారు అడుగున ఇనుముకి రాసి పోతాడు. తుప్పు దగ్గరికి రాదు, నిజం. వాసన సంగతి మాత్రం అడక్కండి. మేముండే గోల్ ఘర్‌లో పిల్లులన్నీ మా షెడ్డులోనే కాపురం.

ఇలా నడుస్తుండగా నాకు ఉత్తరాన వేరే దీవిలో ఉన్న రంగత్‌కి బదిలీ అయింది. సోమవారం చేరాలి. "అక్కడ దానికి మెకానిక్ ఎవడు దొరుకుతాడు, అమ్మేయ్" అని ఇంటిల్లిపాదీ. బీచి పక్కన హోటలు కట్టుకుంటున్న ఒకాయన ఏడాదిగా దీన్ని అడుగుతున్నాడు. ఆయనకి ఫోన్ చేసి మాటిచ్చాను: శనివారం దీంట్లోనే రంగత్ వెళ్తాను, దారిలో ఆగిపోతే లారీ పంపించి పట్టుకుపోండి, కారు మీదే. చేరినా, అక్కడ రోజూ తోలడం నావల్ల కాదనిపిస్తే అప్పుడూ మీదే. మాట ఇచ్చేశాక రెండు రోజులు అన్నం సహించలేదు నాకు.

మా ఆయన నికోబార్ ఓడ మీద డ్యూటీలో ఉన్నాడు. సామాను మోయడానికీ, నాకు తోడుకీ బావగారు శుక్రవారం సాయంత్రమే వచ్చాడు. తెల్లవారుజామున నాలుగుకి బయల్దేరాం. గోల్ ఘర్ నుంచి ఫెరార్‌గంజ్ మీదుగా జిర్కాటాంగ్ చెక్ పోస్టుకి గంటా పావు పట్టింది, కొత్త కారైతే గంట. లైట్లు వేసుకుని ఎక్కుడు ఎక్కుతుంటే డాష్‌బోర్డు మీద ఎర్ర దీపం ఒకటి రెండుసార్లు మిణుక్కుమంది. పాత బండికి కన్ను కొట్టడం మామూలేలే అనుకున్నాను. అదీ నేను చేసిన తప్పు.

జిర్కాటాంగ్‌లో ఫారం నింపి, గుర్తింపు కార్డు చూపించాలి. అక్కడినుంచి, ఫెర్రీ ఎక్కే మిడిల్ స్ట్రెయిట్ జెట్టీ దాకా నలభై తొమ్మిది కిలోమీటర్లు జరవా ఆదివాసుల అడవి. ముందొకటి వెనకొకటి పోలీసు బండ్లతో కాన్వాయ్‌గానే వెళ్ళాలి. ఆగకూడదు, ఫోటోలు తీయకూడదు, ఎవరికీ ఏమీ ఇవ్వకూడదు. మొదటి కాన్వాయ్ ఆరింటికి. ఎదురుగా టీ కొట్టు ఉంది, వేడి వేడి పూరీలు, టీ, ఇద్దరికీ కలిపి వంద లోపే అయింది. కొట్టతను మా కారు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, "దీదీ, యే పార్ కరేగీ?" అన్నాడు. దాటుతుందా అని. "నువ్వు టీ పొయ్యి భయ్యా, అది దాని సంగతి అది చూసుకుంటుంది" అన్నాను.

మాకు ముందు ఏడెనిమిది టాక్సీలు, వెనకాలే రంగత్ బస్సు. మొదటి ముప్ఫై కిలోమీటర్లు హాయిగా నడిచింది. రోడ్డుకి రెండువైపులా అడవి గోడలా నిలబడి ఉంటుంది, ఎండ కిందికి దిగదు. ఒక పొడవాటి ఎక్కుడులో ఎర్ర దీపం వెలిగింది. ఈసారి ఆరలేదు. దానర్థం డైనమో కరెంటు ఇవ్వడం లేదని. డైనమోని తిప్పే బెల్టే రేడియేటర్ నీళ్ళ పంపునీ ఫ్యాన్‌నీ కూడా తిప్పుతుంది గనక, కాసేపట్లో ఇంజిన్ మరిగిపోతుందని కూడా. దిగి చూద్దామంటే ఆగకూడదు.

వేగం ఇరవై అయిదుకి దించేశాను. వెనక బస్సువాడు హారన్ మీద చెయ్యి తీస్తే ఒట్టు. బోనెట్ సందుల్లోంచి ఆవిరి మొదలైంది. "ఇక్కడ ఆగిపోతే?" అన్నాడు బావగారు. "వెనకున్న పోలీసు బండికి కట్టి లాక్కెళ్తారు. ఆ తర్వాత హోటలాయన లారీ వస్తుంది" అన్నాను. పల్లం వచ్చినచోటల్లా కాలు ఎత్తేసి, ఎక్కుడు వస్తే ఊపిరి బిగబట్టి, మా నాన్నని తలుచుకుంటూ తోలాను. జెట్టీ కనబడగానే ఇంజిన్ ఆపి, వాలులోనే జారి వరసలో చేరాం.

రేడియేటర్ చల్లారేదాకా ఆగి బోనెట్ ఎత్తాను. బెల్టు తెగలేదు. నిగనిగలాడుతోంది, చేత్తో లాగితే పుల్లీ మీద జర్రున జారుతోంది. ముట్టుకుంటే జిడ్డు. వేలు ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఫెర్రీ మనిషి ఒకతను వచ్చి తొంగి చూసి, "గాడీ మే మఛ్లీ హై క్యా?" అన్నాడు, కారులో చేపలున్నాయా అని.

"బావగారూ, బెల్టుకి చేపల వాసనేంటి?"

ఆయన నీళ్ళ వైపు చూశాడు. "కింద రాస్తాను కదమ్మా."

"కింద రాస్తారు. బెల్టు పైనుంది."

"నిన్న సాయంత్రం కాసింత రాసినాను. రబ్బరు ఎండకి బీటలు తీస్తాదని. పడవ సెక్కకి రాస్తాం కాదేటి?"

"పడవకి బెల్టుందా?"

"లేదు."

"మరి?"

"మరేటి, తప్పే. నీ కారు రంగత్ సేరాలనే రాసినానమ్మా, ములిగిపోవాలని కాదు."

తిట్టాను. పెద్దాయన, పైగా బావగారు, అయినా నోటికొచ్చినట్టు తిట్టాను. బస్సులో జనం కిటికీల్లోంచి తలలు బయటపెట్టి విన్నారు. ఆయన తలొంచుకుని నిలబడ్డాడు. కాస్త కోపం దిగాక స్పానర్ తీసి డైనమో బోల్టు వదులు చేశాను. బెల్టు ఊడదీసి, బట్టల సబ్బుతో రెండుసార్లు కడిగి, పుల్లీలు తుడిచి, నా బడి సంచీలో ఉన్న సుద్దముక్కలు బెల్టు అంచులకి గట్టిగా రుద్దాను. జిడ్డు పట్టిన బెల్టు జారకుండా ఉండటానికి మా నాన్న చేసే పనే ఇది. బావగారు డైనమోని కర్రతో ఎత్తి పట్టుకుంటే నేను బోల్టు బిగించాను. ఇదంతా అయ్యేసరికి గంట. ఈలోగా ఫెర్రీ రెండు విడతలు టాక్సీలని దాటించింది, బస్సు మాత్రం మూడో విడత కోసం మా వెనకే ఆగి ఉంది. పడవలోకి బండిని ఎక్కించే ముందు స్టార్ట్ చేద్దామంటే టక్ మని ఊరుకుంది. బ్యాటరీ ఖాళీ. పొద్దున లైట్లు తాగేశాయి, డైనమో తిరిగి నింపలేదు.

మా మోరిస్‌కి ముందునుంచి పెట్టి తిప్పే హ్యాండిల్ ఉంటుంది. నా చేతుల్లో సత్తువ లేదు. బావగారు తువ్వాలు నడుముకి బిగించి ముందుకొచ్చాడు. "బొటనవేలు లోపలికి పెట్టకండి, వెనక్కి తంతే చెయ్యి విరుగుతుంది" అన్నాను. "నాకు సెప్తావేటమ్మా? నలభై ఏళ్ళు పడవ ఇంజినుకి ఇదే పని" అని ఒక్కసారి లాగాడు. దగ్గింది. రెండోసారి లాగితే అందుకుంది. బస్సులోవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఎర్ర దీపం ఆరిపోయింది. నేను ఆ దీపం వైపే చూస్తూ కూర్చుంటే ఫెర్రీ మనిషి అరిచి చెప్పాల్సి వచ్చింది, ముందుకి రమ్మని.

కారుకీ మనుషులకీ కలిపి ఫెర్రీ ఖర్చు పెద్దగా ఏమీ కాదు, టిక్కెట్టు అక్కడే ఇస్తారు. ఫెర్రీ దింపిన బారాటాంగ్ దీవి దాటాక ఒకప్పుడు ఇంకో ఫెర్రీ ఎక్కాల్సి వచ్చేది, ఇప్పుడు పెద్ద వంతెన వేశారు. కదంతల మీదుగా రంగత్ బజారుకి ఒంటిగంటకి చేరాం. మొత్తం నూట డెబ్భై కిలోమీటర్లు, తొమ్మిది గంటలు, పదిహేను లీటర్ల పెట్రోలు. అన్నం తిన్న హోటల్లో వడ్డించిన ఆవిడ మా తెలుగు విని, "ఏ ఊరు దీదీ మీది?" అని అడిగి కోనాం చేప పులుసు మళ్ళీ పోసింది. చేరానన్న సంతోషం లేదు. ఈ ఒక్కరోజుకే ఇంత అయితే రోజూ ఎవరు పడతారు? నాకు యాభై నాలుగు. ఇక్కడ ఎనిమిది నెలలు వాన.

"అమ్మేయమ్మా. నీకెందుకు ఈ యాతన" అన్నాడు బావగారు, కంచంలోకి చూస్తూ. నాకూ సరే అనిపించింది. అమ్మేద్దామనే ఫోన్ తీశాను.

బీచి హోటలాయన చాలా సంతోషించాడు. "చేరిందా మేడమ్? చేరకపోయినా పర్లేదు, మాకు నడవక్కర్లేదు. ఇంజిన్ తీసేసి బోనెట్‌లో మట్టి పోసి కాగితంపూల మొక్కలు వేస్తాం. గెస్టులు డ్రైవర్ సీట్లో కూర్చుని ఫోటోలు తీసుకుంటారు."

"స్టీరింగ్ తిప్పుతారు కదా, పాడవదా?" అన్నాను, ఎందుకన్నానో నాకే తెలియదు.

"తిరక్కుండా వెల్డింగ్ చేయించేస్తాం మేడమ్."

పొద్దుటినుంచి ఆ స్టీరింగే పట్టుకుని ఉన్నాను. అరచేతులు ఇంకా మండుతున్నాయి.

"అయితే వద్దండీ" అన్నాను.

"రేటు గురించైతే చెప్పండి మేడమ్, చూద్దాం."

"రేటు కాదు. సోమవారం పొద్దున నాకు బడి ఉంది, దాంట్లో వెళ్ళాలి."

ఫోన్ పెట్టేశాక బావగారు నావైపు చూశాడు. "మెకానిక్ లేడు కదమ్మా ఇక్కడ?"

"నేనున్నాను."

"ఊఁ" అన్నాడు. ఇంకో ముద్ద కలుపుకున్నాక, "సరే, నాను బస్సుకి పోతాను" అన్నాడు.

ఇది జరిగి నాలుగు నెలలైంది. క్వార్టర్స్ నుంచి బడికి ఆరు కిలోమీటర్లు, రోజూ దాంట్లోనే వెళ్తున్నాను. అబద్ధం ఎందుకు, మూడుసార్లు స్టార్ట్ అవలేదు. వానలో నడిచి వెళ్ళాను, పిల్లలు నవ్వారు. ఒక రబ్బరు గొట్టం కోసం చెన్నై ఓడ ఎప్పుడొస్తుందా అని నెల రోజులు చూశాను. నేను తీసుకున్నది తెలివైన నిర్ణయమని ఎవరికీ చెప్పను. ఆ రోజు కారు బాగా నడిచింది కాబట్టి కూడా ఉంచుకోలేదు, చూశారుగా ఎలా నడిచిందో. అది కదలకుండా నిలబడి ఉంటే నేను చూడలేననీ, తిప్పలు పెడుతూ నడిస్తే మాత్రం ఆ తిప్పలు పడగలననీ ఆ ఫోన్‌లోనే తెలిసింది. అంతకుముందు తెలిసుంటే ఆ మాటే ఇచ్చేదాన్ని కాదు.

పాత బండితో ఈ దారిన వెళ్ళాలనుకునేవాళ్ళకి ఒక్క మాట. జిర్కాటాంగ్‌లో అందరికన్నా ముందు నిలబడాలని తొందరపడకండి. పోలీసులకి చెప్పి కాన్వాయ్‌లో చివరి బండిగా ఉండండి. మీ వెనక వాళ్ళ బండి ఒక్కటే ఉంటుంది, హారన్ కొట్టేవాళ్ళు ఉండరు. నెమ్మదిగా వెళ్తే వాళ్ళేమీ అనరు, ఆగకుండా ఉంటే చాలు.