ఖాళీ ఇంట్లో కాపురం పెట్టించిన దసరా

దొంగలు పడకుండా ఇల్లు కాపాడుకుని, ఆఖరికి పోలీసుల చేతే తలుపు పగలగొట్టించుకున్నవాణ్ణి జగ్గయ్యపేట మొత్తానికి నేనొక్కణ్ణే. పక్క ఊళ్ళలో కూడా వాకబు చేశా. వీరులపాడు దాకా నాకు పోటీ లేదు. దొంగ రాలేదు, చెంచా కూడా పోలేదు. అయినా ఒక తలుపు, ఇద్దరు పోలీసుల పండగ భోజనం, నా పరువు పోయాయి. మూడోదాన్ని లెక్కలోంచి తీసేయొచ్చు, అది అంతకుముందు కూడా పెద్దగా లేదు.

ఆ దసరాకి మేం ముగ్గురం నందిగామలో మా మేనత్త ఇంటికి వెళ్ళాలనుకున్నాం. వారం ముందునుంచీ మైకు కట్టిన ఆటో ఒకటి మా వీధుల్లో తిరుగుతూ, ఊరెళ్ళేవాళ్ళు స్టేషన్లో చెప్పి వెళ్ళండి, నగలు వేసుకుని ప్రయాణాలు చేయకండి, బండ్లు నిదానంగా నడపండి అని ఒకటే పాట. మా నాన్న బడిపంతులు. ఎవరు గట్టిగా మాట్లాడినా పాఠమే అనుకుంటాడు. వెంటనే వెళ్ళి, 'మూడు రోజులు ఇంట్లో ఎవరూ ఉండరు' అని కాగితం రాసిచ్చి వచ్చాడు.

అమ్మ బాధంతా కాసులపేరు గురించి.

"అది మా అమ్మమ్మ తన మెళ్ళోంచి తీసి నా మెళ్ళో వేసింది. ఇంట్లో ఎట్లా వదిలేస్తానండీ?"

"నగలతో ప్రయాణం వద్దని మైకులో చెప్పారుగా."

"మైకుకేం, దానికి మెడ ఉందా?"

చివరికి కాసులపేరు బియ్యం డ్రమ్ము అడుక్కి చేరింది. "అది పోయిందో, నేనూ దాంతోపాటే పోయాననుకోండి" అని అమ్మ మూత పెట్టింది. అప్పుడు ఇంటి భద్రత నేను చూసుకుంటానన్నా. నన్నెవరూ అడగలేదు. అడక్కుండా ముందుకొచ్చేవాణ్ణి ఆపే మార్గం ప్రపంచంలో ఇంకా ఎవరూ కనిపెట్టలేదు.

నా సిద్ధాంతం చాలా సులువు. దొంగ తాళం ఉన్న ఇంటికి వస్తాడు, మనుషులున్న ఇంటికి రాడు. కాబట్టి మా ఇంట్లో మనుషులుండాలి, మేం ఉండకూడదు. ముందు తలుపుకి లోపల్నించి గడియ పెట్టి, పెరటి తలుపులోంచి బయటికొచ్చి దానికి తాళం వేశా. గుమ్మం ముందు నాలుగు జతల చెప్పులు విడిచా. తీగ మీద నాన్న లుంగీ ఆరేశా. ముందుగదిలో లైటు ఎటూ వేసే ఉంచా. అడ్డు చెప్తారని, ఇవన్నీ అమ్మానాన్నా కారెక్కాక ఒక్క నిమిషమని వెనక్కెళ్ళి చేశా. తాళం వేసేముందు టీవీ పెట్టి, సౌండు పెంచి మరీ వచ్చా. పక్కింటి సుబ్బాయమ్మ గారిని రోజూ మా వాకిట్లో ముగ్గెయ్యమని బతిమాలా.

"ఎవరడిగినా మేం ఇంట్లోనే ఉన్నామని చెప్పాలి పిన్నిగారూ."

"ఎవరడిగినానా?"

"సాక్షాత్తూ దేవుడడిగినా సరే."

ఇవి చాలవన్నట్టు ఫోనుకి బొమ్మలు పంపే కెమెరా ఒకటి కొని, దొంగకి కనపడకుండా పూలకుండీ వెనక నేలమీద పెట్టా. నిజమే, దొంగకి కెమెరా కనపడదు. కెమెరాకి దొంగ మోకాళ్ళ పైన కనపడడు. ఈ రెండో సంగతి తర్వాత తెలిసింది.

మర్నాడు పండగ. అత్తయ్య వాళ్ళింట్లో మా కారుకి ఆయుధ పూజ నేనే చేశా. అటూ ఇటూ అరటి పిలకలు కట్టి, ముందూ వెనకా బంతిపూల దండలు వేశా. కొత్త పంచె కట్టుకుని రెండో బొబ్బట్టు మీద నెయ్యి వేయించుకుంటుండగా ఫోను గుర్రుమంది. చూస్తే మా గుమ్మం ముందు నాలుగు కాళ్ళు, ఒక కర్ర.

"అమ్మా, మనింటి ముందు కాళ్ళు."

"ఎవరివిరా?"

"కాళ్ళని చూసి ఎట్లా చెప్పనే?"

"నా కాసులపేరు" అంది అమ్మ. విస్తరి ముందునుంచి లేచిపోయింది. అన్నం మధ్యలో అమ్మ లేవడం నేనదే మొదటిసారి చూడటం.

స్టేషనుకి ఫోన్ చేశా. అవతల ఆయన చాలా మర్యాదస్తుడు.

"మీరు చెప్పడం మంచిదైంది బాబూ. మావాళ్ళిద్దరు ఆ వీధిలోనే ఉన్నారు, ఇప్పుడే అప్రమత్తం చేస్తా."

ఆయన ఫోన్ పెట్టిన అర నిమిషానికి కెమెరాలో కాళ్ళు ఉలిక్కిపడి, పరిగెత్తి, మా తులసికోట వెనక నక్కాయి. మళ్ళీ ఫోన్ చేశా.

"సార్, దొంగలకెవరో సమాచారం ఇచ్చారు. దాక్కున్నారు."

"బయట కూడా ఉన్నారా?" అన్నాడాయన.

"బయట కూడా ఏంటి సార్?"

"లోపల మనుషులున్నారని మావాళ్ళు ఇందాకట్నించీ కాపలా కాస్తున్నారు. మీ నాన్నగారికి పదిసార్లు చేశాం, తియ్యట్లేదు. మీరు చప్పుడు చెయ్యకుండా వచ్చేయండి."

నాన్న అన్నం దగ్గర ఫోన్ ముట్టడు. ఆయన క్రమశిక్షణ అలాంటిది. అంటే బయట ఇద్దరు, లోపల ఎందరో. మధ్యలో పోలీసులు ఎక్కడున్నారో అర్థం కాలేదు. ఆ హడావిడిలో, లోపలి జనాన్ని స్వయంగా నేనే ఏర్పాటు చేశానన్న సంగతి నా బుర్రకి తట్టలేదు.

ముగ్గురం కారెక్కాం. హైవే మీద ముక్త్యాల సిమెంటు లారీలు మమ్మల్ని దాటుకుంటూ పోతున్నాయి.

"కొంచెం తొక్కు నాన్నా."

"బెల్టు పెట్టుకో. దొంగ పోతే పట్టుకుంటారు, మనం పోతే పట్టుకునేవాడు లేడు."

అమ్మ వెనక సీట్లో వేదాద్రి నరసింహస్వామికి మొక్కుతోంది. మొక్కు ప్రదక్షిణలతో మొదలై, సగం దారికి నా గుండు దాకా వచ్చింది. ఇంతలో దారిలో బండ్లు తనిఖీ చేసే పోలీసులు ఆపారు.

"నంబరు ప్లేటేదండీ?"

బంతిపూల కింద ఉంది. నేను అంత భక్తిగా కట్టా.

"సార్, మా ఇంట్లో దొంగలు పడ్డారు."

"నంబరు కనపడని బండిలో తిరిగేవాళ్ళనే మేం దొంగలంటాం బాబూ. అద్దాలకి అడ్డంగా ఆ అరటిచెట్లేంటి? మీ నాన్నగారికి పక్కనుంచి లారీ వస్తే ఏం కనపడుద్ది, గెల కనపడుద్ది."

దండలు, పిలకలు నా చేతే విప్పించారు. నాన్న అద్దం సర్దుకుని బండి స్టార్ట్ చేశాడు. క్లాసులో ఏమీ అనని పంతులంటేనే ఎక్కువ భయం.

ఇంటికి చేరేసరికి తులసికోట వెనకనుంచి ఒక పెద్దాయన లేచి, నోటి మీద వేలు పెట్టాడు. మామూలు బట్టల్లో ఉన్న కానిస్టేబుల్. ఆయన వెనక ఇంకొకాయన. నేను బూట్లు చూశా, ఫోను చూశా, మళ్ళీ బూట్లు చూశా.

"కుటుంబంతో దిగారు మాస్టారూ" అన్నాడాయన నాన్నతో గుసగుసగా. "నాలుగు జతల చెప్పులు. లోపల గడియ. మీ లుంగీ కూడా ఉతికి ఆరేసుకున్నారు. తలుపు కొడితే ఒకావిడ, ఈ గడప తొక్కితే నరుకుతానంది. తర్వాత ఇంకెవరో ఏడ్చారు. ఆ తర్వాత మ్యూజిక్."

"మ్యూజిక్ వచ్చినప్పుడైనా అనుమానం రాలేదాండీ?" అన్నాడు నాన్న. కళ్ళు మాత్రం నామీదే ఉన్నాయి.

"పక్కింటావిణ్ణి అడిగాం. వాళ్ళు ఇంట్లోనే ఉన్నారంది. మీరు లేరని మీరే రాసిచ్చారు. మరి ఉన్నదెవరు?"

సుబ్బాయమ్మ గారు గోడమీంచి తల పెట్టారు. "దేవుడడిగినా చెప్పమన్నాడు. పోలీసులేం దేవుడికన్నా ఎక్కువా?"

లోపల్నించి వాషింగ్ పౌడరు ప్రకటన వినిపించింది. అప్పుడు నోరు విప్పా. లైటు, లుంగీ, టీవీ, అన్నీ వరసగా ఒప్పుకున్నా. కానిస్టేబుల్ గారి ఫోను మోగింది. "దొంగలు దొరికారా?" అని స్టేషన్లో ఆయన అడగడం మాకందరికీ వినపడింది.

"బయటివాళ్ళు దొరికారు సార్" అన్నాడు ఆయన తన బూట్లు చూసుకుంటూ. "మేమే."

"ఇదంతా తర్వాత. ముందు తలుపు తీ, నా కాసులపేరు చూసుకోవాలి" అంది అమ్మ.

తాళంచెవి కోసం జేబు తడిమా. పంచెకి జేబుండదు. చెవి ప్యాంటులో ఉంది. ప్యాంటు నందిగామలో ఉంది.

మళ్ళీ వెళ్ళొచ్చేదాకా అమ్మ ఆగేలా లేదు. కానిస్టేబుల్ గారు గడ్డపార తెప్పించి, రెండు దెబ్బల్లో పెరటి తలుపు గొళ్ళెం ఊడబెరికారు. చెక్క కూడా దాంతోపాటే వచ్చింది. అమ్మ బియ్యం డ్రమ్ము వంటింట్లో బోర్లించింది. కాసులపేరు అడుగునే ఉంది. ఒక్కో కాసూ తడిమి చూసుకుని, బియ్యప్పిండి దులపకుండానే మెళ్ళో వేసుకుని, నేలమీదే కూర్చుండిపోయింది. నవ్వుతోందో ఏడుస్తోందో మాకెవరికీ తెలియలేదు.

ఫిర్యాదు ఇచ్చా కాబట్టి అది మూయడానికి కాగితం రాయాలన్నారు.

"పోయిన వస్తువులు?"

"లేవండీ."

"నష్టం?"

"పెరటి తలుపు. మీరే పగలగొట్టారు."

"కారకులు?"

అందరూ నా వైపే చూశారు. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు, ఇంటి కాపలావాణ్ణి మాత్రం మా అమ్మ చూపుతోనే పట్టేసింది. నా పేరు నేనే రాసుకుని, కింద పంచభూతాల సాక్షిగా ఇలా ప్రమాణం చేసి సంతకం పెట్టా: 'ఇకమీదట నేను ఊరెళ్తే, మా ఇల్లు ఖాళీగా ఉన్నప్పుడు ఖాళీగానే కనపడనిస్తాను. ఏ టీవీ చేతా, ఏ లుంగీ చేతా, ఏ పిన్నిగారి చేతా అబద్ధం ఆడించను.'

నాన్న అది మొత్తం చదివి, ఎర్ర పెన్నుతో ఒక్క దిద్దుబాటు చేశాడు. 'నేను ఊరెళ్తే' కొట్టేసి, 'నేను ఊరెళ్ళను' అని రాశాడు.